జోటెరోలో పుస్తకం, అబ్సిడియన్‌లో నోటు, వన్‌నోట్‌లో మేడమ్ వ్యాఖ్య: వీటి మధ్య లింకులు ఊడిపోకుండా ఎలా?

రాతి_అక్షరం | ఆదివారం, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూ ఉన్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు నిజంగా సాయం కావాలి.

నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. విజయనగర రాజుల కాలంలో తిరుమల ఆలయానికి వచ్చిన దానాలు నా అంశం. భక్తుడు కొంత సొమ్ము శ్రీభండారంలో, అంటే ఆలయ ఖజానాలో కడతాడు, ఆ సొమ్ముతో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయిస్తారు, దాంతో పెరిగిన పంటలోంచి ఆ భక్తుడి పేరున స్వామికి నైవేద్యం జరుగుతుంది. ఒకే రాయి మీద చెరువు ఉంది, ప్రసాదం ఉంది, డబ్బు ఉంది, మనిషి ఉన్నాడు. నా నోట్సులో మాత్రం ఈ నాలుగూ నాలుగు చోట్ల పడి ఉన్నాయి.

దేవస్థానం వాళ్లు 1930లలో అచ్చువేసిన శాసన సంపుటాల స్కాన్లు జోటెరోలో (పుస్తకాలు, పీడీఎఫ్‌లు దాచుకుని పాదసూచికలు వేసుకునే ప్రోగ్రాము) పెట్టుకున్నాను. చదివి రాసుకున్నవి అబ్సిడియన్‌లో (నోట్లను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాచే ప్రోగ్రాము) ఉన్నాయి. బస్సులో ఉన్నప్పుడు తట్టినవి ఫోన్లో గూగుల్ కీప్‌లో. మా గైడ్ మేడమ్ వ్యాఖ్యలు రాసేది వన్‌నోట్‌లో.

మూడేళ్ల కిందట అబ్సిడియన్ నోట్ల నుంచి పీడీఎఫ్‌లకు, ఫోల్డర్ దారి మొత్తం రాసి లింకులు పెట్టుకున్నాను. మొన్న ల్యాప్‌టాప్ మార్చి ఫోల్డర్లకు కొత్త పేర్లు పెట్టాక ఒక్కటీ తెరుచుకోవడం లేదు. మొత్తం 140. రెండు రాత్రులు కూర్చుని ముప్పై దాకా బాగుచేశాను, మళ్లీ ఇదే పద్ధతిలో చేస్తే మళ్లీ ఇదే జరుగుతుందని భయమేసి ఆపేశాను. వేర్వేరు ప్రోగ్రాముల్లో ఉన్న నోట్లను ముడిపెట్టి, ఆ ముడి ఊడకుండా నిలబెట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీరెలా చేస్తున్నారో చెప్పండి. విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్.

అలిపిరి_మెట్లు | ఆదివారం, రాత్రి 10.50

అక్కా, అన్నీ ఒకే చోటికి తెచ్చేయండి. నేను గ్రూప్స్‌కి చదివేటప్పుడు మూడు యాప్‌లలో నోట్సు ఉండేది, పరీక్షకు నెల ముందు ఏది ఎక్కడుందో తెలియక టెన్షన్ పడ్డాను. ఒక వారం కూర్చుని అంతా నోషన్‌లోకి ఎక్కించేశాను. ఇప్పుడు ఒకటే చోట వెతికితే చాలు. లింకుల గొడవే లేదు.

రాతి_అక్షరం | ఆదివారం, రాత్రి 11.10

తమ్ముడూ, నేనూ అలాగే అనుకున్నాను. కుదరలేదు. పీడీఎఫ్ మీద గీతలు గీయడం, వర్డ్‌లో పాదసూచికలు వాటంతట అవే పడటం జోటెరోలో జరిగినంత బాగా ఇంకెక్కడా జరగదు. వన్‌నోట్ పుస్తకం నాది కాదు, మేడమ్‌ది, అందులో ఇంకా నలుగురు స్కాలర్లు రాస్తారు, నా కోసం వాళ్లను మారమని అడగలేను. ఇంకోటి, కొండ మీద ఆలయం లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా. గోడ మీది రాతలు చూసి బయటికి వచ్చాక గుర్తున్నదంతా చిన్న పాకెట్ పుస్తకంలో రాసుకుంటాను. అదీ నోట్సే. దాన్ని ఏ యాప్‌లోకి ఎక్కించినా మూల పుస్తకం నా సంచిలోనే ఉంటుంది. అన్నీ ఒకే చోటికి రావు, అది ఒప్పుకునే అడుగుతున్నాను.

నీవా_ఒడ్డు | సోమవారం, ఉదయం 7.20

మేడమ్, మాది చిత్తూరు, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. మీ సమస్య బాగా అర్థమైంది, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బ్రౌజర్ లింకు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ ఉన్నట్టే, కంప్యూటర్లో వేసుకున్న ప్రోగ్రాములు కూడా తమ పేరుతో ఒక లింకు రకాన్ని విండోస్‌లో నమోదు చేసుకుంటాయి. అబ్సిడియన్ అని, పక్కన కోలన్, రెండు స్లాష్‌లు కనబడగానే విండోస్ అబ్సిడియన్‌ను తెరుస్తుంది. జోటెరోకీ అంతే, జోప్లిన్, లాగ్‌సెక్ అనే నోట్ల ప్రోగ్రాములకూ అంతే. వన్‌నోట్‌కు కోలన్ దాకా అదే. కాబట్టి ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాములోని ఫలానా నోటును తెరవడం ఇప్పుడు పెద్ద పని కాదు. రైట్ క్లిక్ చేస్తే చాలా వాటిలో లింకు కాపీ చేసుకునే వీలు ఉంది.

అసలు చూడాల్సింది ఆ స్లాష్‌ల తర్వాత ఏముందన్నది. అబ్సిడియన్ మామూలుగా ఇచ్చే లింకులో వాల్ట్ (మీ నోట్లన్నీ ఉండే ఫోల్డర్) పేరు, ఫైలు పేరు ఉంటాయి. ఫైలు పేరు మార్చారనుకోండి, అబ్సిడియన్ లోపలి లింకులను అది తనే సరిచేస్తుంది, కానీ మీ వన్‌నోట్‌లో అతికించిన లింకు సంగతి దానికెలా తెలుస్తుంది? అది విరిగిపోతుంది. జోటెరో లింకులో పేరు ఉండదు, ఎనిమిది అక్షరాల ఒక కీ ఉంటుంది. మీరు పుస్తకం పేరు మార్చండి, ఇంకో కలెక్షన్‌లోకి జరపండి, ఆ కీ మారదు. జోప్లిన్‌లో 32 అక్షరాల గుర్తింపు ఉంటుంది, నోటును ఏ నోట్‌బుక్‌లోకి జరిపినా అదే.

మీ 140 లింకులు ఎందుకు పోయాయంటే అవి చోటును చూపిస్తున్నాయి, వస్తువును కాదు. అబ్సిడియన్‌లో అడ్వాన్స్‌డ్ యూఆర్‌ఐ అనే ప్లగిన్ వేసుకోండి. సెట్టింగుల్లో ఫైలు దారికి బదులు యూఐడీ వాడమని పెడితే, నోటు పైభాగంలో ఒక గుర్తింపు రాసి, దానితోనే లింకు ఇస్తుంది. ఆ తర్వాత ఫైలు పేరు మార్చినా, ఫోల్డర్ మార్చినా తెరుచుకుంటుంది. వాల్ట్ పేరు మాత్రం అన్ని కంప్యూటర్లలో ఒకటే ఉంచండి, అది లింకులో భాగం.

చిత్తూరు_బడి | సోమవారం, ఉదయం 8.05

నీవా గారు చెప్పిన 'చోటు, వస్తువు' మాట చదవగానే నా సంగతి గుర్తొచ్చింది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. మన పాత చిత్తూరు జిల్లా ఊళ్ల చెరువులు, కోటలు, ఊరి పేర్ల వెనక కథలు పన్నెండేళ్లుగా రాసుకుంటున్నాను, దాదాపు 600 నోట్లు. జిల్లా, దాని కింద మండలం, దాని కింద ఊరు, ఇలా ఫోల్డర్లు. ఎక్సెల్ షీట్ నుంచి, వర్డ్ ఫైళ్ల నుంచి ఆ దారులకు లింకులు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి. అటు నెల్లూరు నుంచి గూడూరు, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. నేను బుద్ధిగా కూర్చుని ఫోల్డర్లన్నీ కొత్త జిల్లాల ప్రకారం సర్దాను. సర్దడం అయిపోయాక ఎక్సెల్ తెరిస్తే సగానికి పైగా లింకులు పనిచేయలేదు. చంద్రగిరి కోట కదల్లేదు, నా నోటులో ఒక్క అక్షరం మారలేదు, ఫోల్డర్ పేరు మారింది, అంతే.

ఆ వేసవి సెలవులంతా దానికే పోయాయి. అప్పటి నుంచి ప్రతి ఊరికీ నేనే ఒక సంఖ్య ఇచ్చాను. ఆ సంఖ్యలో జిల్లా లేదు, మండలం లేదు. జిల్లా అన్నది నోటు లోపల ఒక వరుసలో రాస్తాను, మారితే ఆ వరుస ఒక్కటే మారుస్తాను.

స్వర్ణముఖి | సోమవారం, మధ్యాహ్నం 1.40

జోప్లిన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. నీవా అన్న చెప్పింది నిజమే, 32 అక్షరాల గుర్తింపు నోటును జరిపినా మారదు, సింక్ చేస్తే ఫోన్లోనూ అదే ఉంటుంది. కానీ నేను పాత ల్యాప్‌టాప్ నుంచి జేఈఎక్స్ (జోప్లిన్ సొంత రకం) ఫైలుగా ఎగుమతి చేసి కొత్తదాంట్లో దిగుమతి చేసుకున్నాను. జోప్లిన్ దిగుమతి చేసేటప్పుడు ప్రతి నోటుకూ కొత్త గుర్తింపు ఇస్తుంది. లోపలి లింకులను దానికి తగ్గట్టు అదే సరిచేస్తుంది కాబట్టి మొదట ఏమీ తెలియలేదు, అంతా బాగానే ఉందనుకున్నాను. బయటి నుంచి, అంటే నా క్యాలెండర్‌లో, టాస్కుల జాబితాలో పెట్టుకున్న లింకులన్నీ పోయాయి.

కంప్యూటర్ మారేటప్పుడు ఎగుమతి, దిగుమతి చేయకండి. సింక్ పెట్టి, కొత్త కంప్యూటర్ మీద అదే సింక్‌కు కలపండి. గుర్తింపులు అలాగే వస్తాయి.

రాతి_అక్షరం | సోమవారం, రాత్రి 9.30

అందరికీ చాలా థ్యాంక్స్. ప్లగిన్ వేసుకున్నాను. నీవా గారు చెప్పినట్టు యూఐడీతో లింకు వచ్చింది, వన్‌నోట్‌లో అతికించి నొక్కితే తెరుచుకుంది. ఫైలు పేరు మార్చి మళ్లీ నొక్కాను, తెరుచుకుంది!

ఇప్పుడు రెండు చిక్కులు. ఒకటి, జోటెరోలో పుస్తకానికి లింకు వస్తోంది కానీ నాకు కావలసింది అందులో ఫలానా పేజీ. రెండు, ఆ అబ్సిడియన్ లింకును ఫోన్లో కీప్‌లోకి అతికిస్తే ఉత్త అక్షరాల్లాగే ఉండిపోయింది, నొక్కడానికి రాలేదు. మేడమ్‌కు వాట్సాప్‌లో పంపితే అక్కడా అంతే.

నీవా_ఒడ్డు | సోమవారం, రాత్రి 10.20

పేజీకి లింకు ఉంది. జోటెరోలో రెండు రకాలు. ఒకటి సెలెక్ట్ లింకు, అది లైబ్రరీలో పుస్తకాన్ని చూపిస్తుంది. ఇంకోటి ఓపెన్ పీడీఎఫ్ లింకు, అది పీడీఎఫ్‌నే తెరుస్తుంది, చివర పేజీ సంఖ్య రాస్తే ఆ పేజీకే పోతుంది. ఇది చేత్తో రాయనక్కర్లేదు. పీడీఎఫ్ మీద మీరు గీసిన గీతల నుంచి నోటు తయారు చేయమని జోటెరోకు చెప్పండి, ఆ నోటును మార్క్‌డౌన్‌గా (అబ్సిడియన్ వాడే మామూలు టెక్స్ట్ పద్ధతి) తీసుకోండి, ఎగుమతి సెట్టింగుల్లో జోటెరో లింకులు కలపమని టిక్ పెడితే ప్రతి గీత పక్కన దాని పేజీ లింకు వస్తుంది.

చేత్తో రాసేటట్టయితే మాత్రం అది అచ్చులో ఉన్న పేజీ సంఖ్య కాదు, పీడీఎఫ్‌లో ఎన్నో పేజీ అన్నది. స్కాన్ పుస్తకాల్లో ముందు అట్ట, ముందుమాట, విషయసూచిక ఉంటాయి కదా, అన్ని పేజీలు పక్కకు జరుగుతుంది.

ఇంకోటి, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పుస్తకానికి ఒక కీ, దాని కింద తగిలించిన పీడీఎఫ్‌కు వేరే కీ. రేపు మీకు ఇంకా మంచి స్కాన్ దొరికి పాతది తీసేసి కొత్తది తగిలిస్తే పీడీఎఫ్ కీ మారిపోతుంది, పేజీ లింకులన్నీ పోతాయి. పుస్తకం కీ అలాగే ఉంటుంది. అందుకే నేను ప్రతి నోటులో సెలెక్ట్ లింకు తప్పకుండా పెడతాను, పేజీ లింకు దాని పక్కన అదనం.

కీప్, వాట్సాప్ సంగతి: అవి మామూలు వెబ్ లింకులను మాత్రమే నొక్కేలా చూపిస్తాయి. పైగా మేడమ్ కంప్యూటర్లో మీ వాల్ట్ లేదు, లింకు నొక్కగలిగినా ఆమెకు ఏమీ తెరుచుకోదు. ఈ లింకులు మీ యంత్రాల మధ్య పనిచేసేవి. దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు.

తోతాపురి | మంగళవారం, ఉదయం 6.45

నేను చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ యూనిట్లో క్వాలిటీ చూస్తాను. కంప్యూటర్ గురించి పెద్దగా తెలియదు, మా పని గురించి చెబుతాను, పనికొస్తుందేమో చూడండి.

సీజన్లో డ్రమ్ములు వేలల్లో వస్తాయి. ఒకే డ్రమ్ము గురించి ల్యాబ్ రిజిస్టర్‌లో బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లం రాస్తారు, స్టోరులో ఇంకో పుస్తకం, ఆఫీసులో కంప్యూటర్, నేను నా వన్‌నోట్‌లో రాసుకుంటాను. ఈ నాలుగింటికీ మధ్య ఏ లింకూ లేదు. కానీ ఎవరైనా ఫోన్ చేసి ఫలానా డ్రమ్ములో రంగు తేడాగా ఉంది అంటే ఐదు నిమిషాల్లో నాలుగు చోట్లా తీసి చెబుతాం. ఎందుకంటే డ్రమ్ము మీద బ్యాచ్ నంబరు ఉంది, నాలుగు చోట్లా అదే నంబరు రాస్తాం. డ్రమ్ము ఏ షెడ్డులో ఏ వరుసలో ఉందో రాసుకుంటే మరుసటి రోజుకే అది అక్కడ ఉండదు.

మేడమ్ గారూ, మీరు లింకు నొక్కడం గురించే ఆలోచిస్తున్నారు. నొక్కడానికి కుదరని చోట నంబరు టైపు చేసి వెతికితే సరిపోదా? కీప్‌లో వెతకొచ్చు, వాట్సాప్‌లో వెతకొచ్చు, వన్‌నోట్‌లో వెతకొచ్చు. మీ పాకెట్ పుస్తకంలో కూడా పేజీ పైన అదే నంబరు రాసుకోవచ్చు.

రాతి_అక్షరం | మంగళవారం, ఉదయం 7.30

తోతాపురి గారూ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా రాళ్లకు నంబర్లు ఎప్పుడో ఉన్నాయి! దేవస్థానం సంపుటాల్లో ప్రతి శాసనానికీ సంపుటం సంఖ్య, శాసనం సంఖ్య ఉంటాయి. నేను నోట్లకు 'చెరువు తవ్వకానికి దానం', 'నిత్య దీపం' అని పేర్లు పెట్టుకుంటూ, ఉన్న నంబరును పాదసూచికలో మాత్రమే రాస్తున్నాను.

చిత్తూరు_బడి | మంగళవారం, సాయంత్రం 5.50

అమ్మా, ఒక్క జాగ్రత్త. భారత పురావస్తు శాఖ శాసన విభాగం ఏటా వేసే నివేదికల్లో మన ప్రాంతపు శాసనాలకు వేరే నంబర్లు ఉంటాయి, సంవత్సరం, ఆ ఏడాదిలో వరుస సంఖ్య. కొన్ని రాళ్లకు అదీ ఉంటుంది, సంపుటం నంబరూ ఉంటుంది. పాత వ్యాసాలు ఒక నంబరు చెబితే కొత్తవి ఇంకోటి చెబుతాయి. ఒకే రాయికి రెండు నోట్లు తయారయ్యే ప్రమాదం ఉంది. నాకు అలా ఒకే చెరువు రెండు పేర్లతో రెండు నోట్లయింది, ఏడాది తర్వాత గానీ పట్టుకోలేకపోయాను.

నీవా_ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 6.30

సార్ చెప్పినదానికి అబ్సిడియన్‌లో ఏలియాసెస్ అని ఒక లక్షణం ఉంది. నోటు అసలు నంబరు ఒకటి ఉంచి, మిగతా నంబర్లన్నీ ఏలియాస్‌లుగా రాయండి. ఏ నంబరుతో వెతికినా అదే నోటు వస్తుంది. అసలుది ఏదన్నది మీరు ఒకసారి తీర్మానించుకుంటే చాలు, తర్వాత మార్చకండి.

తోతాపురి అన్నా, మీరు రాసింది మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చూపించాలి. నిక్లాస్ లూమన్ అని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఒకాయన కాగితం చీటీల మీద 90,000 దాకా నోట్లు రాసుకున్నాడు. ప్రతి చీటీకి ఒక స్థిరమైన సంఖ్య, మధ్యలో కొత్తది వస్తే పక్కన ఒక అక్షరం తగిలించేవాడు, పాత సంఖ్యను కదిలించేవాడు కాదు. ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి ఆ సంఖ్యే లింకు. మీ డ్రమ్ముల పద్ధతీ అదే.

అలిపిరి_మెట్లు | మంగళవారం, రాత్రి 8.15

అక్కా, ఒకే చోట పెట్టమన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు, నా లాంటి పరీక్షల చదువుకు అదే మేలు. కానీ మీది వేరే పని అని ఇప్పుడు అర్థమైంది. ఒక సందేహం. సంఖ్య ఎందుకు, తెలుగులో చక్కటి పేరు పెట్టి దాన్నే అన్ని చోట్లా వాడితే కాదా? సంఖ్య చూస్తే ఏమీ గుర్తురాదు కదా.

లిపి_సేవ | మంగళవారం, రాత్రి 9.40

తెలుగు పేర్లను గుర్తింపుగా వాడితే ఏమవుతుందో నేను చెబుతాను, ఫాంట్లు, టైపింగు నా పని. మన భాషలో పేర్లు పెట్టుకోవద్దని కాదు. నా నోట్లన్నిటికీ తెలుగు పేర్లే. కానీ లింకులో ఉండే గుర్తింపు మాత్రం తెలుగులో ఉండకూడదని దెబ్బలు తిని నేర్చుకున్నాను.

మొదటిది పొడవు. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షరపు ముక్క మూడు బైట్లు. లింకులో పెట్టేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. 'త' ఒక్కటే రాస్తే శాతం ఈ సున్నా, శాతం బీ సున్నా, శాతం ఏ నాలుగు, తొమ్మిది అక్షరాలు. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కే కాబట్టి 'తిరుపతి' అన్న మాటలో ఏడు ముక్కలు, లింకులో 63 అక్షరాలు. నాలుగు మాటల పేరు పెడితే లింకు మూడు వరుసలు వస్తుంది, ఎక్కడో మధ్యలో తెగుతుంది.

రెండోది ఫైలు పేరు పొడవు. లినక్స్‌లో పేరుకు 255 బైట్లే, అంటే మనకు 85 ముక్కలు. విండోస్ బైట్లను అలా లెక్కపెట్టదు, అక్కడ తెలుగు పేరు ఇంకా చాలా పొడుగ్గా ఉండొచ్చు. విండోస్‌లో హాయిగా ఉన్న ఫైలు ఇంకో చోటికి సింక్ కాకుండా ఆగిపోతే ముందు పేరు పొడవు చూడండి.

మూడోది కంటికి కనబడనిది, నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. 'ఫోన్‌లో' అని రాసేటప్పుడు న పొల్లుకూ లో అక్షరానికీ మధ్య, ఒత్తు పడకుండా, ఒక కనిపించని అక్షరం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని తనే పెడుతుంది, ఇంకో కీబోర్డు పెట్టదు, కొన్ని యాప్‌లు కాపీ చేసేటప్పుడు తీసేస్తాయి. మాట చివర పొల్లు ఉంటే ఆ కనిపించని అక్షరం ఉన్నా లేకున్నా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. రెండు పేర్లు అచ్చం ఒకటే, లింకు మాత్రం తెరుచుకోదు, వెతికితే దొరకదు. ఎందుకో ఎంత చూసినా తెలియదు.

ఇంకా ఐత్వం ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, కింద ఐత్వపు కొస, ఇలా రెండు ముక్కలుగానూ రాయొచ్చు, రెండూ సమానమే. 2017కు ముందు మ్యాక్‌లలో వాడిన ఫైలు పద్ధతి పేర్లను విడదీసి దాచేది. 'చైత్రం' అన్న ఫైలు అలాంటి మ్యాక్ నుంచి వస్తే విండోస్‌లో టైపు చేసిన 'చైత్రం'తో బైటు బైటుకూ కలవదు.

అందుకే పేరు మనకు, గుర్తింపు యంత్రానికి. గుర్తింపులో ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, మామూలు అంకెలు, మధ్యలో గీత, అంతే. తెలుగు అంకెలు కూడా వద్దు, తెలుగు అంకెల్లో రాసినది మామూలు అంకెలతో వెతికితే చాలా యాప్‌లకు దొరకదు.

రాతి_అక్షరం | మంగళవారం, రాత్రి 10.30

లిపి గారూ, ఆ కనిపించని అక్షరం సంగతి! నా దగ్గర 'అచ్యుతరాయల్' అన్న నోటు రెండుసార్లు ఉంది, రెండూ ఒకేలా కనిపిస్తాయి, అబ్సిడియన్ ఎందుకు రెండు చేసిందో అర్థం కాక ఒకటి తీసేద్దామా వద్దా అని ఆరు నెలలుగా అలాగే ఉంచాను. ఇప్పుడే చూశాను, ఒకదాని చివర అది ఉంది. ఫోన్లో రాసింది ఒకటి, ల్యాప్‌టాప్‌లో రాసింది ఒకటి.

నేను అనుకుంటున్న పద్ధతి చెబుతాను, తప్పుంటే చెప్పండి. ప్రతి శాసనానికీ ఒక గుర్తింపు: ఇంగ్లిష్ టీ అక్షరం, గీత, సంపుటం సంఖ్య, గీత, శాసనం సంఖ్య. శాసనం సంఖ్యను మూడు అంకెలుగా రాస్తాను, ఆరును 006 అని, లేకపోతే 6 కోసం వెతికితే 65, 610 అన్నీ వచ్చేస్తాయి. అబ్సిడియన్ నోటు పైన యూఐడీగా అదే పెడతాను, ప్లగిన్ ఇచ్చే పొడవాటి దానికి బదులు. జోటెరోలో ట్యాగ్‌గా అదే. వన్‌నోట్‌లో వ్యాఖ్య మొదట అదే. కీప్‌లో మొదటి వరుసలో అదే. పాకెట్ పుస్తకాలకు మాత్రం పీ అక్షరంతో పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య. నొక్కే లింకులు కూడా పెడతాను, కానీ ప్రతి లింకు పక్కన ఆ గుర్తింపు కంటికి కనబడేలా రాస్తాను.

నీవా_ఒడ్డు | మంగళవారం, రాత్రి 10.55

బాగుంది మేడమ్. యూఐడీ స్థానంలో మీరే రాసుకున్నది పెట్టినా ప్లగిన్ ఒప్పుకుంటుంది, రెండు నోట్లకు ఒకటే పడకుండా చూసుకోండి చాలు.

ఒకటి కలపండి. లింకు రెండు వైపులా పెట్టండి. అబ్సిడియన్ నోటులో జోటెరో లింకు ఉంటే, జోటెరోలో ఆ పుస్తకం కింద చిన్న నోటు పెట్టి అందులో అబ్సిడియన్ లింకు. అబ్సిడియన్ లోపల తనకు ఎవరు లింకు పెట్టారో అదే చూపిస్తుంది, కానీ బయటి ప్రోగ్రాము పెట్టిన లింకు దానికి కనబడదు. హైపర్‌టెక్స్ట్ అన్న మాట పుట్టించిన టెడ్ నెల్సన్ లింకు రెండు వైపులా ఉండాలని 1960ల నుంచీ చెబుతూనే ఉన్నాడు. మనకు వచ్చిన వెబ్‌లో ఒకవైపే వచ్చింది. మ్యాక్‌లో హుక్‌మార్క్ అనే ప్రోగ్రాము ఈ రెండు వైపుల పని చేసిపెడుతుంది, విండోస్‌కు అది లేదు. కాబట్టి చేత్తోనే.

వారాంతంలో మీకు ఒక చిన్న స్క్రిప్టు రాసిస్తాను. మీ వాల్ట్‌లోని మార్క్‌డౌన్ ఫైళ్లన్నీ చదివి జోటెరో కీలు ఏరి, ఒక్కోటి జోటెరోను అడుగుతుంది, లేనివి జాబితా ఇస్తుంది. జోటెరో 7 నుంచి అదే కంప్యూటర్లోని వేరే ప్రోగ్రాములు 23119 పోర్టులో దాన్ని అడగొచ్చు, సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద అనుమతి ఇవ్వాలి. స్వర్ణముఖి గారూ, జోప్లిన్‌కు కూడా ఇలాగే కుదురుతుంది, వెబ్ క్లిప్పర్ సేవను ఆన్ చేస్తే 41184 పోర్టు.

స్వర్ణముఖి | బుధవారం, ఉదయం 6.10

అన్నా, నాకూ ఆ స్క్రిప్టు పంపండి. నెలకోసారి నడిపి చూసుకుంటాను. లింకు పోయిందన్న సంగతి అవసరమైన రోజున తెలియడం కంటే ముందే తెలిస్తే మేలు.

రాతి_అక్షరం | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9.00

ఏమైందో చెబుతానని అనుకున్నాను, చెబుతున్నాను.

పాత 140 లింకులూ అయిపోయాయి. ఒక్కోటి నాలుగైదు నిమిషాలు పట్టింది. లింకు బాగుచేయడానికి అంతసేపు పట్టదు, ఆ శాసనం నంబరు సరిచూసుకోవడానికి పట్టింది. అలా చూసుకుంటుంటే పదకొండు చోట్ల నేను తప్పు నంబరు రాసుకున్నట్టు బయటపడింది. థీసిస్‌లోకి వెళ్లకముందే దొరికాయి.

మేడమ్‌కు లింకులు పంపడం మానేశాను. గుర్తింపు, ఒక వాక్యం, సంపుటంలో పేజీ, ఈ మూడూ రాసి పంపుతున్నాను. ఆమె వన్‌నోట్‌లో జవాబు రాసేటప్పుడు తనంతట తనే ఆ గుర్తింపు ముందు రాయడం మొదలుపెట్టారు. మిగతా స్కాలర్లు కూడా అడిగి నేర్చుకున్నారు.

నిన్న ఒకటి జరిగింది. ఒక శాసనంలో నైవేద్యం గురించి రాసుకున్న నోటు చూస్తున్నాను. పాత కీప్ నోట్లకూ, పాకెట్ పుస్తకం పేజీలకూ ఈ మధ్యే గబగబా శాసనాల గుర్తింపులు వేసేశాను. ఆ గుర్తింపుతో వెతికితే కీప్‌లో రెండేళ్ల కిందట బస్సులో రాసుకున్న ఒక వరుస వచ్చింది: 'ఈ ఊరి కాలువకు సొమ్ము ఇచ్చిన మనిషి, ఇంకో చోట దీపానికి ఇచ్చిన మనిషి ఒకరేనా?' ఇది రాశానన్న సంగతే మరిచిపోయాను. పాకెట్ పుస్తకంలో అదే గుర్తింపు ఉన్న పేజీ తీస్తే, గోడ మీద ఆ రెండు రాతలూ పక్కపక్కన ఉన్నాయని రాసుకున్నాను. ఒకరేనని ఇంకా రుజువు కాలేదు, కానీ ఒక అధ్యాయానికి సరిపడే ప్రశ్న అది.

నీవా గారి స్క్రిప్టు మొన్న నడిపాను, మూడు లింకులు లేవని చెప్పింది. మూడూ నేను కొత్త స్కాన్ తగిలించి పాతది తీసేసిన సంపుటానివే. మీరు ముందే చెప్పారు.

చిత్తూరు_బడి | శనివారం, రాత్రి 9.45

చాలా సంతోషం అమ్మా. మీ శాసనాల్లో సొమ్ము పెట్టి బాగుచేసిన చెరువులు, కాలువల ఊళ్లు ఎన్నో నా ఫోల్డర్లలో ఉండి ఉంటాయి. కొన్నింటి తూముల ఫొటోలు కూడా నా దగ్గర ఉన్నాయి. ఊళ్ల జాబితా పంపితే నా సంఖ్యలు పక్కన రాసి పంపుతాను. శాసనంలో ఊరి పేరు ఉన్నదున్నట్టు రాయండి, ఇప్పటి పేరు నేను వెతుకుతాను.

రాతి_అక్షరం | శనివారం, రాత్రి 9.55

రేపే పంపుతాను సార్. పాత పేరు, దాని పక్కన నా గుర్తింపు, మూడో వరుస మీకు ఖాళీ. మీవి ఏ అక్షరంతో మొదలవుతాయో చెప్పండి, టీ, పీ నేను వాడేశాను.

చిత్తూరు_బడి | శనివారం, రాత్రి 10.05

నావి ఉత్త సంఖ్యలే అమ్మా. మీ కోసం ముందు సీ చేరుస్తాను.